సీనియర్ అంటే

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, నాలుగో అంతస్తు. కింద గేటు ముందు, నడిరోడ్డు మీద తెలంగాణ ఉద్యమకారుల వంటావార్పు. కిటికీ దగ్గర వేణు, హరిత.

"ఏమన్నాడు వేణూ, మేనేజరు?"

"కిందికి పొమ్మన్నడు."

"నిన్నా? ఒక్కన్నేనా?"

"ఒక్కన్నే. నువ్వు సీనియర్‌వి, నువ్వే మాట్లాడాలె అన్నడు. పొయ్యిలు గేటు ముందటికెల్లి తీపియ్యాల్నట. క్లయింట్ల కారు కొత్తగూడ చౌరస్తాల ఆగి ఉన్నదట."

"ఆయన యాడుండాడు?"

"ఇంట్ల. రోడ్లు బంద్ ఉంటయని నిన్ననే చెప్పి పోయిండు గద."

"వాళ్లు తీయకపోతే?"

"పొయ్యిల ముందర కూసున్నోళ్లు ఎవరెవరో పోలీసోళ్లకు చూపియ్యాల్నట. కంపెనీ తరఫున సీనియర్ చూపిస్తెనే వాళ్లు వ్యాన్ ఎక్కిస్తరట."

"నువ్వు పోనంటే?"

"మొన్న ఇచ్చిన ప్రమోషన్ వాపసు. ఉద్యోగం సంగతి గూడ మల్ల మాట్లాడుదమన్నడు. హరితా, జర నీళ్లియ్యి."

"తాగు. మెల్లగా. కీబోర్డు మీద పోసేవు."

"అసలు సీనియర్ అంటే ఏంది హరితా?"

"ఇప్పుడా అడిగేది?"

"మొన్న మా నాయన అడిగిండు ఫోన్ల. పెద్దోడు అన్నట్టు నాయనా అన్న. మరి సార్ అంటరా అన్నడు. లే, ఈడ అందరు పేరు పెట్టే పిలుస్తరన్న. జీతం పెరిగిందా? లే. కుర్చీ మారిందా? లే. 'మరి దేంట్ల పెద్దోనివైనవ్ రా?' అన్నడు."

"మా నాయనైతే అదేమీ అడక్కుండా స్వీట్లు పంచేవాడు."

"మా నాయన గూడ పంచిండు. తెల్లాపూర్ల సగం మందికి."

"నవ్వు రావట్లేదు వేణూ."

"నాకూ వస్తలేదు. ఒక్కటడుగుత. నువ్వు నాకంటె రెండేండ్ల ముందు చేరినవ్. నీకు రాంది నాకెట్ల వచ్చింది సీనియర్?"

"అదిగో, ఇంకో వ్యాను వచ్చింది."

"చూసిన. అడిగినదానికి చెప్పు."

"బాగా పని చేస్తావని..."

"హరితా."

"ఏంది?"

"గా కిటికీ దిక్కు కాదు. నా మొకం చూసి చెప్పు."

"ముందు నన్నే అడిగినారు. పోయిన వారం. సీనియరంటే బంద్ రోజుల్లో గేటు బాధ్యత కూడా చూసుకోవాల అన్నారు. నేను నోరు తెరిస్తే చాలు, కర్నూలని తెలిసిపోతాది. భయపడినాను. నాకొద్దన్నాను."

"అని?"

"వేణుది ఈ పక్క ఊరే, అతన్నయితే ఎవరూ కొట్టరు అన్నాను. నీ పేరు చెప్పింది నేనే. తిట్టు వేణూ, ఏమన్నా అను. ఊరికే అట్లా చూడొద్దు."

"తిట్టి ఏం జేస్త? నువ్వు గూడ భయపడ్డవ్, నేను గూడ భయపడుతున్న... ఆగు, ఫోన్. ఆయనే."

"ఎత్తొద్దు."

"ఎత్తాలె. హలో... ఆ... పోతున్న... లేదు, భయమేం లేదు... ఆ, నేనే చూపిస్త... ఆ."

"చూపిస్తానన్నావా?"

"ఇంకేమనాలె? కింద లిఫ్ట్ కాడ ఇన్‌స్పెక్టర్ నిలబడ్డడట, నా కోసమే."

"నేనూ వస్తా పద. మాట్లాడను. నీ వెనకాల నిలబడతా."

"ఒద్దు. నువ్వు రావొద్దు."

"నిజంగా చెప్తున్నా, వాళ్లలో ఒక్కరు కూడా నీ మీద చెయ్యెత్తరు వేణూ."

"ఎత్తరు, నాకెర్కనే. గా పెద్ద పొయ్యి ముందర కూసొని గంటె తిప్పుతున్నది మా అమ్మ, హరితా."