ఒంటిగంట అలారం

ఆసుపత్రిలో టోకెన్లిచ్చే ప్రోగ్రాం మూడేళ్ళుగా రోజూ ఒంటిగంటకు మెమరీ నిండి ఆగిపోయేది. భోజనం మధ్యలో లేచివెళ్ళి దాన్ని మళ్ళీ నడిపించడం అక్కడి ఇద్దరు ప్రోగ్రామర్లకీ అలవాటైపోయింది. ఆ రోజు ఇద్దరిలో చిన్నామె భోజనం డబ్బా తెరుస్తూ పెద్దాయనతో నీరసంగా చెప్పింది:

"తప్పు దొరికింది సార్. టోకెన్ ఇచ్చేశాక కూడా పేషెంటు వివరాలు మెమరీలోనే ఉండిపోతూ వచ్చాయి."

"టోకెనిచ్చే కోడు ముక్క, ఆ ఫంక్షన్, ముగిస్తే వాటంతటవే పోవాలి కదమ్మా?"

"మెమరీలో స్టాక్ అనే భాగంలో పెట్టినవైతే పోతాయి. ఇవి హీప్ అనే మరో భాగంలో పెట్టినవి. అక్కడ చోటు అడిగి తీసుకున్నవాళ్ళే పనయ్యాక వదలాలి. ఎవరూ వదల్లేదు, రోజూ పొద్దుట్నుంచీ పేరుకుపోయాయి."

"ఎవడమ్మా ఆ మహానుభావుడు?"

"మీరే సార్."

ఆయన తన డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు.

"అది రాసిన వారం ఊపిరాడని పని. వదిలే సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నా."

"మూడేళ్ళుగా నా కూడు చల్లారిపోతోంది సార్."

"ఎంత మార్చాలి?"

"ఒక్క లైను. పొద్దున్నే మార్చేశాను."

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను."

ఇంతలో, ప్రోగ్రాం ఆగే వేళకని ఫోన్లో పెట్టుకున్న ఒంటిగంట అలారం మోగింది. ప్రోగ్రాం ఆగలేదు, బయట టోకెన్లు వస్తూనే ఉన్నాయి. అయినా ఇద్దరూ అలవాటుగా తినేది వదిలేసి దిగ్గున లేచారు.

"కూర్చోమ్మా," అన్నాడాయన, తాను మాత్రం నిలబడే.