తలపాగా నాది, ప్రయాణాలు మా బావవి

ఈ రిటైర్మెంట్ సభకు పెద్దగా కూర్చున్న మేనేజర్ భాస్కర్ సార్‌కు, మా బావతో కలిసి గనిలోకి దిగి కలిసి పైకొచ్చిన కార్మిక సోదరులకు, ఇల్లందు పక్కనున్న మా తండా నుంచి పొద్దున్నే ఆటోల్లో ఇరుక్కుని కొత్తగూడెం వచ్చిన పెద్దలకు, ముందు వరుసలో కొత్త చీరతో కూర్చున్న నా చెల్లెలు కమ్లికి, మెడలో ఇన్ని దండలు పడి మొహం సరిగా కనబడని మా బావ తుల్సీరాంకు నమస్కారం.

నా పేరు రామ్‌సింగ్. వ్యవసాయం చేసుకుంటాను. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు, అందుకే రాసుకొచ్చాను. చదివాక ఈ కాగితం బావ చేతికే ఇస్తాను. నా చదువు ఊరి బడిలోనే ఆగిపోయింది. అక్షరాలు వంకర, ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు. బావా, మన్నించి కలిపి చదువుకో.

మేమిద్దరం ఒకే బడిలో ఒకే ఏడు చేరాం. కంపెనీ రికార్డులో ఆయన వయసెంతో సార్‌కు తెలుసు. అంతకంటే సార్ ముందు నేనేమీ చెప్పను. (నవ్వులు)

ముందు మాట్లాడినవాళ్లు ఆయన పని గురించి చెప్పారు. భూమి లోపల ఏం చేశాడో నాకు తెలియదు. భూమి పైన ఎక్కడెక్కడ తిరిగాడో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే కంపెనీ సెలవిచ్చి టికెట్టిచ్చి పంపినప్పుడల్లా పోయి, తిరిగొచ్చి, నేరుగా మా మిర్చి కల్లంలోకొచ్చి కూర్చునేవాడు. నేను ఎండిన కాయల్లోంచి తాలు కాయలు ఏరుతూ ఉంటే, ఆయన మంచం మీద కూర్చుని నాందేడ్ గురుద్వారా చెప్పేవాడు, బీదర్‌లో కొండ కింద ఊరే తియ్యటి నీళ్లు చెప్పేవాడు, ఎర్రకోట చెప్పేవాడు, అమృత్‌సర్‌లో తెల్లదొరలు జనాన్ని కాల్చిన తోట గోడ మీద ఇంకా ఉన్న గుండ్ల గుర్తులు చెప్పేవాడు. బంగారు గుడి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. "పొద్దుగాల నీళ్లల్ల చూస్తె బావా, గుడి కిందున్నదా పైనున్నదా తెల్వది," అనేవాడు.

నేను తల వంచుకుని కాయలు ఏరేవాణ్ణి.

"ఏంది బావా, కండ్లల్ల నీళ్లు?" అని అడిగేవాడు.

"మిర్చి ఘాటు," అనేవాణ్ణి.

ఇంకోటి చెప్పాలి. ఇంట్లో తిన్న కంచం ఎన్నడూ ఎత్తని మనిషి, అక్కడ గుడిలో అందరికీ అన్నం పెట్టే లంగరులో వచ్చినవాళ్లందరి కంచాలూ కడిగాడట. కమ్లీ, నవ్వకు, ఈ ముచ్చట నాకు చెప్పింది నువ్వే. (నవ్వులు) "ఆడ కడిగిన చేతులు ఈడికొచ్చేసరికి ఏమైనయో అడుగు అన్నా" అన్నావు. అడుగుతున్నాను బావా.

నవ్వులాట పక్కన పెడతాను. ఈ సభలో తలపాగా కట్టుకున్నది నేనొక్కణ్ణే. మా నాయన కట్టాడు, నేను కడుతున్నాను. బావ కూడా కట్టేవాడు, గనిలో చేరి నెత్తి మీదికి టోపీ వచ్చాక మానేశాడు. బస్సులో వెనక సీటు పిల్లలు "తాతా, జర తీయరాదే, ముందర ఏం కనవడుత లేదు" అంటారు. వాళ్లు పిల్లలు, అంటారు. బావ ఇంట్లో పెళ్లి నాడు బావ కూడా అన్నాడు: "ఫొటో మందం తీసెయ్యి బావా, ఈ కాలంల ఎవలు కడుతున్నరు?" నేను తీయలేదు. ఫొటోలో చివరన నిలబడ్డాను.

ఆ తర్వాతి ఏడే ఆయన అమృత్‌సర్ పోయాడు. నెత్తి మీద గుడ్డ లేనిదే లోపలికి పోకూడదన్నారు. బావ దగ్గర ఏముంది? వాకిట్లో ఇచ్చిన పసుపు రుమాలు కట్టుకున్నాడు. అది కూడా జారుతుంటే ఒక సర్దారు ముసలాయన నిలబెట్టి గట్టిగా ముడి వేశాడట. తిరిగొచ్చి కల్లంలో కూర్చుని, "ఎంత ఇజ్జత్ బావా ఆడ తలపాగాకు! ఒక్కొక్కడు రాజు లెక్క నడుస్తడు," అని నాకు చెప్పాడు. నాకు! నా తలపాగా విప్పి మళ్లీ కట్టుకున్నాను. పేరులో సింగ్ ఉన్నది నాకు, తల మీద గుడ్డ ఉన్నది నాకు, పోయివచ్చింది మాత్రం బోడితల తుల్సీరాం. (నవ్వులు)

ఢిల్లీ నుంచి ఫోన్ చేసిన రోజు ఇంకా కష్టమనిపించింది. నేను వీపున డబ్బా తగిలించుకుని చేలో మందు కొడుతున్నాను. "బావా, గురుద్వారల పెద్ద హాలుకు మనోని పేరు వెట్టిండ్రు, లఖీ బంజారా!" అని అరిచాడు. ఆ కథ మా నాయన మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. ఢిల్లీ బాదుషా సిక్కుల గురువు తల తీయించిన రోజున మొండేన్ని ముట్టుకోవడానికి ఊరంతా భయపడితే, మనవాడు బండ్ల నడుమ దాచి ఇంటికి తెచ్చి, దహనం సంగతి బయటపడకుండా తన ఇంటికే నిప్పు పెట్టుకున్నాడట. కథ విన్నది ఇద్దరం. ఆ హాలు గోడ మీద చెయ్యి పెట్టింది ఒక్కడు. "నా పేరు జెప్పి కూడ ఓ పారి చెయ్యి వెట్టు," అందామనుకున్నాను. లైను తెగింది.

(ఆగి) నీళ్లు తాగుతాను.

పోయివచ్చినప్పుడల్లా బావ ఒక మాట అనేవాడు: "రిటైరైనంక నిన్ను తోల్కపోత బావా, పక్కా." ఇవాళ రిటైరయ్యాడు. మొన్న ఈ సభ పనుల మీద వచ్చినప్పుడు చాయ్ దుకాణంలో బావ పక్క క్వార్టర్ శ్రీధర్ గారు కనిపించి, "వచ్చే నెల మేం అమృత్‌సర్ పోతున్నమే. మీ బావ, చెల్లె, నేను, మా ఇంటామె హేమలత. టికెట్లు కూడ అయినయి," అన్నారు. శ్రీధర్ గారు మంచి మనిషి. ఆయన మీద నాకేమీ కోపం లేదు. కొంచెం ఉంది. (నవ్వులు) ఆ చాయ్ మాత్రం పూర్తిగా తాగలేకపోయాను.

ఇంటికి పోయి నా భార్య సోనికి చెప్పాను. "నువ్వు పోకుంటె ఆ బంగారు గుడి మాసిపోతదా? పోవాల్నని ఉంటె నోరు దెరిచి అడుగు. లేకుంటె ఊకో," అంది. ఇన్నేళ్లూ ఊరుకున్నాను. అడిగితే అడుక్కున్నట్టు ఉంటుందనుకున్నాను. పిలుస్తాడనుకున్నాను.

బావా, నువ్వు పోయే నెలలన్నీ నాకు మిర్చి పనుల నెలలే. నన్ను పిలిచినా ఎట్లా వస్తాడులే అని నువ్వు అనుకొని ఉండొచ్చు. అందుకే చెబుతున్నాను. ఈ యేడు నేను మిర్చి పెట్టలేదు. తండాలో అందరూ అడిగారు, పురుగు భయమన్నాను. పురుగు కాదు. నువ్వు రిటైరయ్యే ఏడని పెట్టలేదు. మక్క వేశాను. అది నేను లేకపోయినా నిలబడుతుంది.

ఇప్పుడు నా కళ్లల్లో నీళ్లున్నాయని ముందు వరుసలో వాళ్లకు కనబడుతూనే ఉంది. ఘాటు అని చెప్పుకోవడానికి ఈ హాల్లో మిర్చి లేదు.

నన్ను సభలో నిలబెట్టిన భాస్కర్ సార్‌కు, ఓపికతో విన్న మీ అందరికీ, మూడు పూటలా నా బావను కాచుకున్న నా చెల్లెలికి ధన్యవాదాలు. శ్రీధర్ గారూ, మీ మీద అన్నది మనసులో పెట్టుకోకండి, బండిలో పక్కపక్కన కూర్చోవాల్సి రావచ్చు.

బావా, ఇదిగో కాగితం. బెర్తు దొరకకపోతే కింద కూర్చునైనా వస్తాను. నాకు రుమాలు అడుక్కోవాల్సిన పనిలేదు. జవాబు మాత్రం జల్దీ చెప్పు, తలపాగా ఉతికి ఆరేసుకోవాలి, అసలే చలికాలం.

సెలవు.