గాలి నిలవని కారు

రేసు ట్రాక్ పక్కన రేకుల షెడ్డు. మెకానిక్ అయిన అక్క బానెట్ ఎత్తింది. తమ్ముడు హెల్మెట్ తీయకుండానే కారు దిగాడు.

"మళ్ళీ అంతేనక్కా! రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ పొగరెక్కిన ఎద్దులా లాగుతుంది. చివరి మలుపు దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతోంది."

"మీటర్లో ఇంజన్ గాలి ఒత్తిడి ముల్లు ఎక్కడిదాకా వెళ్ళింది?"

"రోడ్డు చూడనా, ముల్లు చూడనా?"

"సరే, అరవకు. ప్లగ్గులు మార్చి చూద్దాం."

"ఆఁ, ప్లగ్గులే అయ్యుంటాయి."

"నేనేదో అన్నాను గానీ, నిన్ననే కదరా కొత్తవి వేశాం!"

"అయితే పెట్రోలు పంపు."

"నువ్వేంట్రా, ఏదంటే దానికి తలూపుతున్నావ్? ఇంజన్లోకి గాలి నెట్టే ఈ టర్బో బిగించేటప్పుడు నట్టు నట్టుకీ నాతో పోట్లాడినవాడివి!"

"పోట్లాడితే ఒక తప్పు, పోట్లాడకపోతే ఒక తప్పు."

"పోనీ, ఇవాళ్టికి ఆపేద్దాం. ఇంజన్ కుతకుతలాడుతోంది."

"ఆపడమా? సాయంత్రం టీమ్ మేనేజరొస్తున్నాడు. ఆ మలుపు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా తిప్పితేనే నన్ను డ్రైవరుగా తీసుకుంటాడు. ఇవాళ తప్పితే మళ్ళీ నా మొహం చూడడు."

"చూడకపోతే పీడా పోయె."

"ఏంటీ?"

"ఏం లేదు. ఆ స్పానరిటు పడెయ్."

"పీడా పోయె అన్నావ్. వంటగదిలో గిన్నెలు పక్కకి నెట్టి ఇంజన్ విప్పింది నువ్వు కాదూ? చేతులు కాల్చుకుని ఇద్దరం కట్టిన కారక్కా ఇది!"

"కట్టాను. పోయిన నెల ఆ మలుపులోనే అది బోర్లా పడితే, నిన్ను కిటికీలోంచి లాగిందీ నేనే. నీ బూటు ఊడి నా చేతిలోకొచ్చింది. కాలు కూడా వచ్చేసిందనుకున్నాన్రా."

"అబ్బా, మళ్ళీ అదే పాట! ఒక్క గీత కూడా పడలేదు నాకు."

"నీకు పడలేదు."

"సర్లే. మేనేజరుతో వాళ్ళ మెకానిక్ కూడా వస్తాడట. గొట్టం గొట్టం తడిమి చూస్తాడట."

"మెకానిక్కెందుకు? నేను చచ్చానా?"

"ఎందుకలా ఉలిక్కిపడతావ్?"

"ఒరేయ్... ముందా హెల్మెట్ తియ్యి. నీ మొహం కనబడాలి."

"చెప్పు. వినబడుతోంది."

"తప్పు ఇంజన్‌ది కాదు, నాది. టర్బో నుంచి గాలి తెచ్చే గొట్టం ఉందే, దాన్ని బిగించి పట్టుకునే క్లాంపు నేనే వదులు చేశా. నిన్న నువ్వు టైర్లు కడుగుతుంటే. వేగం ముదిరేసరికి గాలి కారిపోవాలి, కారు నెమ్మదించాలి, నువ్వు క్షేమంగా ఇంటికి రావాలి. అంతే అనుకున్నా. తిడతావో, కొడతావో నీ ఇష్టం. ఇప్పుడే బిగించేస్తా."

"అక్కర్లేదు."

"అంత కోపమా?"

"కోపం కాదు. పొద్దున కారెక్కకముందే చూశా. నేనే బిగించేశా. కావాలంటే చెయ్యి పెట్టి చూడు."

"అవున్రా... కదలట్లేదు. మరి గాలి ఎటు పోతోంది?"

"ఎటూ పోవట్లేదు."

"మరి మలుపు దగ్గర ఎందుకు చస్తోంది?"

"అది చావట్లేదు. మలుపు అంచున పేర్చిన ఆ టైర్ల గోడ కనబడగానే నా కాలు... దానంతటదే లేచిపోతోందక్కా. తొక్కుదామనే అనుకుంటా. లేచిపోతోంది."

"పొద్దుట్నుంచీ ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"ఇలా రా నాన్నా. కూర్చో."

"కూర్చోవడానికి టైం లేదు. అదిగో, వాళ్ళ కారు గేటు దాటింది. ఆ క్లాంపు మళ్ళీ వదులు చేసెయ్యక్కా, వాళ్ళ మెకానిక్ చేతికి అదే దొరకాలి. తొందరగా!"