హీటర్ కాలేదాక

కోరుట్లల ఇంటి ముంగట, సచ్చిపోయిన తండ్రి టాక్సీగ నడిపిన పాత డీజిల్ అంబాసిడర్ల బిడ్డ కూసున్నది. కొనేటోళ్లు అచ్చేలోపు బండి స్టార్ట్ చేసి సూడాలని తాళం తిప్పవట్టింది. తల్లి కిటికీ పట్టుకొని నిలవడ్డది.

“స్టార్ట్ అయితలేదే అవ్వా.”

“ఎట్లయితది? దండం పెట్టినవా? మీ బాపు తాళం సగం తిప్పి, కొండగట్టు అంజన్నకు దండం పెట్టినంకనే పూర్తిగ తిప్పేటోడు.”

“దండానికి కాదే, హీటర్ కోసం ఆగేటోడు. డీజిల్ బండికి ఇంజన్ల హీటర్ తీగ ఎర్రగ కాలినంకనే స్టార్ట్ అయితది. జర్మనీల మొదటి డీజిల్ కార్లు చేసినప్పటి సంది గంతేనట. గవి గూడ ఎక్కువ టాక్సీలోళ్లే నడిపిండ్రట.”

“మరి చేతులెందుకు జోడిచ్చిండు?”

“ఊకె కూసునుడెందుకని గావచ్చు. గుడి మెట్టెక్కని మనిషే గదా!”

ఎందరినో కొండగట్టుకు తోల్కపోయి, ఆయన మాత్రం గుట్ట కిందనే బండిల పండుకునేటోడు. గా ఒక్క దండం జూసే, మనిషి మారిండని తల్లి ఇన్నేండ్లు సంబురపడ్డది.

బిడ్డ తాళం సగం తిప్పి, జరంతసేపు ఆగి, పూర్తిగ తిప్పింది. బండి దడదడలాడుకుంట లేచింది.

“సూసినవా? దండం లేకుండనే అయింది.”

“సూసిన. గని బిడ్డా, మీ బాపు ఉండంగ కొన్న పెట్రోల్ కారుకు గూడ గా హీటర్ ఉంటదా?”

“ఉండదే. ఎందుకు?”

“దాంట్ల కూసున్నా గట్లనే ఆగి మొక్కేటోడు. మరి గా కారుల ఏం కాలాలెనని ఆగిండే?”