ఇరవై ఐదు దాటిన బండి

"పేపర్లో ఏం రాశారూ? బ్యాటరీ బైకుల వేగం హద్దు గంటకి ఇరవై ఐదు కిలోమీటర్ల నుంచి నలభై ఐదుకి పెంచారనా? మరి ఎవరి వల్ల పెరిగిందో రాయలేదేం? నా వల్లే! నవ్వకండ్రా, టీలు చల్లారిపోతాయి, వినండి."

మెకానిక్ మామ ఇలా మొదలుపెట్టాడంటే టీ కొట్టులోంచి ఎవరూ కదలరు.

"ఈ వీధిలో ప్రతి బండికీ ఇరవై ఐదు దాటకుండా కంపెనీవాడు బిగించిన వేగం లాక్ పీకింది నేనే కదా, చట్టం ఒప్పుకోదనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు మీ అత్తకి ఛాతీలో నొప్పొచ్చింది. వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో నా నడుముకి కట్టుకుని, హ్యాండిల్ తిప్పానంతే, నలభై! మలుపులో అంబులెన్స్ అడ్డొస్తే, తప్పుకోవయ్యా అని దాటేశాను."

"అంబులెన్సునే?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"దాని సైరన్ని కూడా! ఆ కూత నన్ను అందుకోలేక వెనకే ఉండిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూట ఇరవై! నా నీడ మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయి రొప్పుతోంది. వేగం కొలిచే పోలీసాయన మిషన్ చూసుకుని, ఇందులో ఇన్ని అంకెల్లేవు బాబూ అని సెల్యూట్ కొట్టాడు. ఆయన రాసిన రిపోర్టు మీదే ఈ కొత్త రూలు!"

"అబ్బో!" అంది టీ పోసే అక్క.

"అప్పుడే అబ్బో అంటే ఎలా? ఆసుపత్రికి వెళ్లి గోడ గడియారం చూస్తే, మేం ఇంట్లో బయల్దేరిన టైముకి ఇంకా పది నిమిషాలుంది. అంటే నొప్పి ఇంకా మొదలే కాలేదు! డాక్టరు చూసి, ఈవిడకేం లేదు, ఇంటికి తీసుకెళ్లిపో అన్నాడు. తీసుకొచ్చేశా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్త పోయి ఏడు నెలలైంది.

బెంచీ చివర కూర్చున్న టైలరు గ్లాసు కింద పెట్టాడు. అత్తకి సొంత తమ్ముడతను.

"బావా, నీ బండి ఇరవై ఐదు దాటలేదు. నేను పక్కనే సైకిల్ తొక్కుతూ వచ్చాను కదా."

మామ పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"అందరి బళ్లకీ లాక్ తీశాన్రా. నా ఒక్క బండికి తియ్యొద్దని మీ అక్క ఒట్టేయించుకుంది, ఎక్కడ పడిపోతానోనని. ఒట్టూ లేదు గిట్టూ లేదని ముందే పీకేసి ఉంటే బతికేది. నేనే చంపుకున్నాను."

"పీకేసి ఉంటే నేను మిమ్మల్ని అందుకోలేకపోయేవాణ్ణి. అక్క దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది బావా."

మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పోస్ట్‌మ్యాన్ అన్నాడు: "ఇప్పుడు రూలే మారింది కదా మామా, ఇవాళైనా నీ బండికి లాక్ తీసెయ్యి."

"వద్దురా," అన్నాడు మామ. "ఇంక నేను తొందరగా చేరాల్సిన చోటేముంది?"