గాలి సందు

ఎన్నిసార్లు ఫోన్ చేయాలన్నయ్యా నీకు? తీయవు. వదినతో లేనని చెప్పిస్తావు. ఇదిగో, ఇక్కడే ఉన్నావుగా, షెడ్డులో, ఖాళీ బల్ల మీద చేతులు పెట్టుకుని!

కుర్చీ వద్దులే. కూర్చుంటే చెప్పలేను.

నెలన్నరగా ఉలి ముట్టలేదట కదా? వదినే చెప్పింది. అది కూడా ఏడుస్తూ. చెక్కపొట్టు వాసన లేని నీ షెడ్డు నేనెప్పుడైనా చూశానా? అదిగో, రంపానికి తుప్పు కూడా పడుతోంది. కొలతల మీద నమ్మకం పోయిందన్నావట. నువ్వా! అద్దం చూడకుండా పాపిట తీసినంత తేలిగ్గా గీత గీసే మనిషివి, నువ్వా ఆ మాటన్నది!

కోళ్ల సంగతి చెప్పడానికే వచ్చాను. మొహం అటు తిప్పకు. విను.

అసలు ఆ కోళ్లెందుకు తెచ్చానో తెలుసుగా? కుట్టుమిషన్ ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోంటే, డాక్టరమ్మ రోజూ పెరట్లో నడవమంది. ఊరికే నడవడం నాకు చేతనవుతుందా? పిచ్చిదానిలా ఉండదూ? అందుకని ఐదు కోళ్లు. గూడు నువ్వు కట్టావు. మూడు ఆదివారాలు పట్టింది.

అబ్బ, ఎంత బావుండేదో అన్నయ్యా! తెల్లదానికి పంతులమ్మ అని పేరు పెట్టాను. మెడ నిలబెట్టి నడుస్తూ, మధ్యలో ఆగి అందరినీ ఓ చూపు చూసేది, హాజరు తీసుకుంటున్నట్టు. గోధుమరంగుది ఒట్టి దొంగ. ఎవరిదో చొక్కా గుండీ మింగేసి, ఏమీ ఎరగనట్టు నా కాళ్ల దగ్గరే తిరిగింది. పొద్దున్నే పెట్టిన గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని వేళ్లు కాచుకునేదాన్ని. అప్పుడుగానీ సూది పట్టుకోబుద్ధయ్యేది కాదు.

తర్వాత మన కొండ ఊరి చలి వచ్చిపడింది. గుడ్లు ఆగిపోయాయి. నీళ్ల గిన్నె మీద గాజుపలకలా మంచు. పగలగొట్టి వేడినీళ్లు పోస్తే, కాసేపటికి మళ్లీ అదే. నాకేమో కాలు నిలవదు. నాలుగు కుట్లు వేస్తాను, లేచి వెళ్లి చూస్తాను. మళ్లీ నాలుగు కుట్లు. ఓ సాయంత్రం చూద్దును కదా, పంతులమ్మ వణుకుతోంది. ఈకలు రాల్చుకుంది పాపం, మెడంతా బోడి.

నువ్వు పైకప్పు కింద చుట్టూ సందు వదిలావు చూడూ, నాలుగు వేళ్ల వెడల్పున, ఇనుప వల కొట్టి? అక్కణ్ణుంచి చలిగాలి. నా మొహానికే కొట్టింది.

ఇంట్లోకెళ్లి కత్తిరించగా మిగిలిన పీలికల సంచీ తెచ్చాను. చుట్టూ కుక్కేశాను. ఒక్క వేలు దూరకుండా.

అవును. నేనే.

ఉండు, మధ్యలో మాట్లాడకు. మాట్లాడితే ఆగిపోతాను.

మర్నాడు చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉంది! ఎంత మురిసిపోయానో. మూడోరోజు కప్పు లోపలంతా చెమ్మ, బొట్లు బొట్లుగా వాటి వీపుల మీద పడుతోంది. తలుపు తీస్తే రెట్టల ఘాటుకి కళ్లు మండాయి. మండుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా పీలికలు తీయలేదు. చలి ఇంకా దూరుతోందేమోనని ఇంకో రెండు గుప్పెళ్లు కుక్కాను కూడా. నాలుగోరోజు గురక మొదలైంది. ఐదోరోజు పంతులమ్మ పోయింది. ఆ మర్నాడు మరో రెండు, ఒకదాని మీద ఒకటి ఒరిగి.

పీలికలన్నీ పీకేసి పొయ్యిలో పెట్టాను. మీ బావ వచ్చి ఏమైందంటే, నోట్లోంచి అదే వచ్చేసింది. 'అన్నయ్య కట్టిన గూట్లో చలి దూరింది' అని.

అంతటితో పోతుందనుకున్నాను. మీ బావ సంగతి తెలుసుగా! భోజనానికి అందరూ కూర్చున్నప్పుడు, డాక్టరమ్మ కూడా ఉంది, 'కోళ్లకి కిటికీలు పెట్టాడండీ మా బావమరిది' అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు, పాపం. వాళ్లింటి తలుపుల పని నీకే ఇస్తానన్న డాక్టరమ్మ, వారం తిరక్కుండా ఇంకెవరికో ఇచ్చేసింది.

ఆ తర్వాత నువ్వొచ్చి ఆ సందు చుట్టూ బొటనవేలు పెట్టి తడిమావు. ఎంతసేపో! 'ఎక్కడో నా చేయి తప్పింది చెల్లీ' అన్నావు. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి 'ఏమోలే అన్నయ్యా' అన్నాను. ఏమోలే! నా నోరు పడిపోను!

'పోనీ, పలక కొట్టి మూసేయనా?' అన్నావు. అప్పుడు మాత్రం 'వద్దు' అని అరిచాను. ఎందుకరిచానని నువ్వడగలేదు. అడిగుంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. కాదులే, చెప్పేదాన్ని కాదు.

మిగిలిన రెండూ అదే గూట్లో, తెరిచిన సందు కిందే చలంతా గడిపేశాయి. నిన్న దొంగది గుడ్డు పెట్టింది. మీ బావ ఇల్లంతా తిప్పి చూపించాడు. నాకు అన్నం దిగలేదు.

పొద్దున ఆయనకి చెప్పేశాను. ఇక్కణ్ణుంచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాను. తలుపులు చేతికొస్తాయో రావో నాకు తెలీదు. నా మాట నేను వెనక్కి తీసుకోవాలిగా.

అలా తల ఊపకు. 'తెలియక చేశావులే' అనబోతున్నావు, నాకు తెలుసు. అనకు.

తెలియక కాదన్నయ్యా. గూడు కట్టినరోజే చెప్పావు. 'ఎంత చలేసినా ఇది మూయకు. చలికి ఈకలున్నాయి వాటికి. తడికి ఏమీ లేదు.' ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పావు. చిన్నప్పట్నుంచీ ఇంతేగా మనింట్లో? నేను ఏం కుట్టినా నాన్న 'వాడికి చూపించావా?' అనేవాడు. బాగుందని ముందు నువ్వనాలి, తర్వాతే ఆయన.

ఆ సాయంత్రం పీలికలు పట్టుకుని నిలబడ్డప్పుడు నీ మాట గుర్తు రాలేదనుకున్నావా? వచ్చింది. చెవిలో చెప్పినట్టు వినబడింది.

వినబడబట్టే, ఇంకాస్త గట్టిగా కుక్కాను.

అంతే. ఇక నీ ఇష్టం.