పళ్ళూడిన లేతు

ఇంటి పక్కన కారు షెడ్డు. కారు బయట ఎండలో ఉంది, లోపల ఇనుము చెక్కే పాత లేతు మిషను ఉంది. దాని పక్కన నూనె గుడ్డతో అక్క. గుమ్మంలో చేతిసంచితో తమ్ముడు.

"నవ్వకురా."

"నేనెక్కడ నవ్వాను?"

"నీ పొట్ట నవ్వుతోంది. చొక్కా గుండీలు కదులుతున్నాయి."

"కాదక్కా, నిజంగానే అడుగుతున్నా. దీన్ని ఇంకా లేతనే అంటున్నావా? లేతెక్కడిది, బాగా ముదిరిపోయింది. ఆ తిప్పే చక్రం చూడు. కుట్టుమిషనుది కదూ?"

"అవును. అయితే?"

"మోటారో?"

"పిండిమరది."

"ఇనుముని పట్టుకునే ఆ చక్?"

"పాత సామాన్ల కొట్లో దొరికింది. మూడు దవడల్లో రెండే దాని సొంతం. మూడోది ఇంకోదానిది. అరగదీసి కలిపాను."

"ఇది లేతు కాదక్కా, కూటమి ప్రభుత్వం. ఒక్కో ముక్క ఒక్కో పార్టీ నుంచి ఫిరాయించి వచ్చింది."

"పడిపోకుండా తిరుగుతోంది కదా. మనిద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టాం, ఏం కలిసి తిరిగాం?"

"మొదలెట్టావా!"

"నువ్వే మొదలెట్టావు. గుమ్మంలోనే."

"బావేమన్నాడు? కారుని తీసుకెళ్ళి ఎండలో పారేశావు."

"కారుకి చెమట పట్టదులే అన్నాడు."

"మహానుభావుడు. నాన్న ఉంటే మాత్రం దీన్ని చూసి ఏడ్చేవాడు."

"ఉన్నప్పుడే ఏడ్చాడు. తన లేతు షాపంతా నీకూ, మూల పడున్న ఇది నాకూ పంచిన రోజున. 'ఆడపిల్లకి గుర్తుగా ఉంటుంది' అన్నారు అందరూ. గుర్తయినా నిండుగా ఇచ్చారా? బండి మీంచి దించేసరికి చక్ లేదు, అవతలి కొసని పట్టే టెయిల్‌స్టాక్ లేదు, గేర్లు ఒక్కటంటే ఒక్కటి లేదు."

"దారిలో ఎక్కడో పడిపోయుంటాయి."

"టెయిల్‌స్టాక్ పడితే రోడ్డు కేకేస్తుందిరా."

"మరి ఆ బండివాడు..."

"బండివాడు. సరే. ఇన్నేళ్ళూ వాడి మీదే పెట్టాం, ఉండనీ. ఎక్కడున్నాడో పాపం, పొలమారి చచ్చుంటాడు."

"టెయిల్‌స్టాక్ ఉందిగా ఇప్పుడు?"

"వేరే లేతుది. పొట్టిదైతే అడుగున దిమ్మ వేసి ఎత్తు సరిపెట్టాను. గేర్లే దొరకలేదు. అవి లేక బోల్టులకి మర చుట్లు కోయడం కుదరట్లేదు. నున్నగా చెక్కుతుందంతే, మర పడదు. సరే, కూర్చో. ఆ సంచి కింద పెట్టు, చంటిపిల్లని మోస్తున్నట్టు మోస్తున్నావు."

"బరువేం లేదులే."

"షాపెలా ఉంది?"

"బ్రహ్మాండం. మా అబ్బాయి పాతవన్నీ తీసేసి కంప్యూటరు మిషన్లు దించాడు. బొమ్మ గీసి బటన్ నొక్కితే చాలు, వస్తువు ఊడి పడుతుంది. చేతికి మసంటదు."

"నువ్వే నొక్కుతావా బటను?"

"నేనా? నేను మొత్తం చూసుకుంటాను."

"మొత్తం అంటే?"

"మొత్తమే. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, మాట్లాడటం..."

"మంచినీళ్ళివ్వడం."

"అదీ పనేగా!"

"కాదన్నానా? చొక్కా చూడు ఎంత తెల్లగా ఉందో. నాన్న చూస్తే ఎవరో పెళ్ళిచూపులకొచ్చారనుకుని కుర్చీ వేసేవాడు."

"నన్ను ఏడిపించడానికి బాగా తయారై ఉన్నావే."

"వచ్చింది నువ్వురా. ఎన్నాళ్ళకో ఈ గడప తొక్కావు. ఏం కావాలి?"

"ఏం కావాలేంటి? అక్కని చూడకూడదా?"

"చూడొచ్చు. కానీ నువ్వు నా వంక చూడట్లేదు. దాని వంకే చూస్తున్నావు."

"సరే. అబ్బాయి పంపాడు."

"అదీ సంగతి."

"షాపు ముందు అద్దాల గది కట్టించాడు. అందులో తాతగారి లేతు పెడితే బాగుంటుందట. మనది పాతకాలపు షాపని వచ్చినవాళ్ళకి తెలియాలిగా."

"అందులో తిరుగుతుందా?"

"తిరగడమెందుకు? బంగారు రంగు వేయిస్తాడు. కింద లైట్లు."

"బంగారు రంగు."

"లైట్లు కూడా."

"విన్నాను. బతికుండగానే విగ్రహం పెడతానంటాడు."

"ఊరికే తీసుకోడక్కా. బదులుగా కొత్త మిషనిస్తాడట. చిన్నది, బటన్లది."

"చొక్కా బటన్లు పెట్టుకోవడానికే నాకు విసుగు. వద్దని చెప్పు."

"నాకూ తెలుసు. అదే... నువ్వలా అంటావని."

"మరెందుకొచ్చావు?"

"వెళ్ళమన్నాడు, వచ్చాను."

"ఆ సంచేంటి? కదిలితే గలగలమంటోంది."

"ఇవా? గేర్లు."

"ఏం గేర్లు?"

"దీనివే. మర కోసేవి. మొత్తం సెట్టు."

"ఎక్కడివి?"

"దొరికాయి."

"దొరికాయా?"

"మంచం కింద."

"ఎవరి మంచం?"

"ఎవరిదైతేనేం, మా ఇంట్లో మంచాలన్నీ ఒకేలా ఉంటాయి."

"అంటే ఆ బండివాడు నీ మంచం కింద దాకా తోలుకొచ్చాడన్నమాట."

"వదిలేయ్ అక్కా."

"వదిలేశాను. ఒరేయ్, వీటికి నూనె రాసుంది."

"తుప్పు పట్టదూ మరి?"

"కొత్త నూనె. ఎవరు రాశారు?"

"ఎవరో ఒకరు రాయాలిగా."

"మంచం కింద పారేసినవాటికా? మీవాడే పంపాడా వీటిని కూడా?"

"వాడికి ఇవున్నట్టే తెలీదు. ప్రశ్నలాపి పెట్టి చూడు ముందు."

"ఇదిగో, పెడుతున్నా."

"పెద్దది పైన కాదక్కా, కింద."

"నాకు తెలుసు."

"తెలిస్తే పైనెందుకు పెట్టావు?"

"నీకు గుర్తుందో లేదో చూద్దామని."

"అంత దగ్గరికి నెట్టకు! పళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి బిగించాలి. లేకపోతే కొరుక్కుంటాయి. జరుగు, స్పానరిటివ్వు."

"చొక్కారా!"

"పోనీ."

"మోచేతి దాకా మసయింది, మరక పోదు..."

"పోనీ అన్నానా! కమ్మీ పెట్టు. ఇంకొంచెం బయటికి. ఊ. నూనె వెయ్. ఆగు ఆగు, లివరు నేను వేస్తాను. స్విచ్చి నువ్వు."

"వేస్తున్నా. చేయి తియ్."

"వినబడుతోందా?"

"మోటారు మూలుగా?"

"అది కాదక్కా, దాని కింద. సన్నగా, అదిగో. మర పడుతోంది. చూడు, చూడు, సుళ్ళు సుళ్ళుగా ఎలా పడుతోందో!"

"నీ కూటమి ప్రభుత్వం పడిపోలేదురా."

"నోర్ముయ్ అక్కా, విననీ."

"సరే, విను. నూనె నేను వేస్తుంటా."

"ఆపెయ్. చాలు."

"కంట్లో ఏం పడింది?"

"ఇనప రజను."

"రజను ఇటు ఎగిరింది. నువ్వు అటున్నావు."

"అయితే నూనె పొగ."

"సరే, పొగే. ఇదిగో గుడ్డ. శుభ్రమైనదేలే, తుడుచుకో."

"నీకు పనులొస్తాయా అక్కా?"

"చేయలేనంత. ఫ్యాన్ల ఇరుసులు, చక్రాల కుర్చీలు, అరిగిన పంపు రాడ్లు. బటన్లు నొక్కేవాళ్ళు ఒక్క ముక్క కోసం బొమ్మ గీయరుగా, అన్నీ ఇటే తోలేస్తున్నారు. మీ షాపు నుంచి కూడా వస్తారు."

"ఒక్కదానివే చేస్తున్నావా?"

"మీ బావ ఉన్నాడు. టీ పెడతాడు."

"లేతు మీద అడుగుతున్నా. నీకో మనిషి కావాలేమో."

"కావాలి. ఈ భుజం పైకి లేవట్లేదు. కానీ ఎవరున్నారు? కుర్రాళ్ళు దీన్ని చూసి ఫొటో తీసుకుని పోతున్నారు."

"నాకు తెలిసినవాడొకడున్నాడు."

"పని వచ్చా?"

"పాత లేతయితే వస్తుంది. ఇంకేం రాదు."

"మనిషెలాంటివాడు?"

"మంచోడే. కాస్త వెక్కిరిస్తాడు."

"దానికేం, మా వంశంలో అందరికీ అదే జబ్బు. ఇప్పుడెక్కడ చేస్తున్నాడు?"

"చేయట్లేదు. తెల్లచొక్కా వేసుకుని కూర్చుంటున్నాడు."

"ఎందుకు? ఏం, దొంగతనమా?"

"కాదు. మిషన్లు ముట్టుకోవద్దన్నారు. మసి చేతులతో వచ్చినవాళ్ళ ముందు తిరిగితే షాపు పరువు పోతుందన్నారు."

"పని తెలిసినవాణ్ణి పట్టుకుని అంత మాట అన్నాడా? ఎవడ్రా వాడు? చెప్పు, ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను."

"వద్దులే అక్కా."

"వద్దేంటి, ఎవడో చెప్పు!"

"నీ మేనల్లుడే."